ఫోనుతో మనిషిని తీయడం - 4వ పాఠం: ‘సహజంగా ఉండండి’ అనకండి

ఈ వారం ఎడిటింగ్ మొదలుపెడదామనుకున్నాను. మీరు పంపిన అభ్యాసాలు చూశాక ఆ ముచ్చట వాయిదా పడింది. గుంటూరు మిర్చి యార్డులో తీసినా, విజయవాడ బీసెంట్ రోడ్డులో తీసినా కనిపించింది ఒకే మనిషి: చేతులు కట్టుకుని, గొంతు సవరించుకుని, ‘నా పేరు ఫలానా’ అని అప్పజెప్పే మనిషి.

ఫ్రేము, వెలుతురు సంగతి మళ్లీ చెప్పను. చేటంతా ‘కెమెరా లేదనుకోండి, సహజంగా ఉండండి’ అన్న మాటతో వచ్చింది. ముఖానికి రెండడుగుల దూరంలో ఫోను పెట్టి లేదనుకోమంటే ఎవరి వల్ల అవుతుంది? ఆ మాట చెవిన పడగానే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో కూడా తోచదు. ‘మామూలుగా మాట్లాడండి’, ‘ఇటు చూడకండి’, ‘కొంచెం నవ్వండి’, అన్నీ ఆ కోవలోవే. చాటుగా తీద్దామా అని ఒకరు అడిగారు. అది దొంగతనం.

ఇరాన్ దర్శకుడు అబ్బాస్ కియరోస్తామీ 1990లో తీసిన ‘క్లోజప్’ సినిమా చూడండి. హొస్సేన్ సబ్జియాన్ అనే పేదవాడు టెహ్రాన్ బస్సులో ఒకావిడకు తాను దర్శకుడు మఖ్మల్‌బాఫ్‌నని చెప్పుకున్నాడు. సినిమా తీస్తానంటూ ఆవిడ ఇంట్లో చేరి, చివరికి అరెస్టయ్యాడు. కియరోస్తామీ నటులను వెతకలేదు. అతన్నీ, మోసపోయిన కుటుంబాన్నీ ఒప్పించి, జరిగినదాన్ని వాళ్లచేతే మళ్లీ ఆడించారు. కోర్టులో ఒక కెమెరాను చూపించి, ఇది నీ ముఖాన్ని దగ్గరగా తీస్తుంది, చెప్పాలనుకున్నది దీనికి చెప్పమని ముద్దాయితోనే అన్నారు. అబద్ధమాడినవాడు ఆ అబద్ధాన్నే మళ్లీ నటిస్తుంటే అతని ఆశా సిగ్గూ రెండూ బయటపడ్డాయి.

మిర్చి యార్డులో తాలుకాయలు (రంగు పోయిన నాసి కాయలు) ఏరే ఆవిడను తీసినవారు ఒకరున్నారు. మాటలు ముగిసి ఫోను దించబోతుండగా ఆవిడ ‘చీర బాగా కనిపిస్తోందా బాబూ? మా కోడలిది’ అన్నారు. ఆ ముక్కను మీరు కత్తిరించేశారు! ఎలా కనిపించాలని ఆవిడ ఆశపడ్డారో అక్కడే ఉంది కదా.

నేనైతే ప్రశ్నలు రాసుకుపోను. ‘నిన్న జరిగింది ఒకసారి చేసి చూపిస్తారా’ అని అడుగుతాను. ట్రైపాడ్ కూడా వాడను, దాన్ని చూస్తే జనం బిగుసుకుపోతారు. మిర్చి టిక్కీకి, అంటే బస్తాకు, ఆనించినా ఫోను నిలుస్తుంది.

అభ్యాసం: విజయవాడ కాళేశ్వరరావు మార్కెట్లో చెడిపోయిన బేరం ఒకటి పట్టుకోండి. ఇద్దరినీ అడిగి, ఒప్పుకుంటే దాన్ని మళ్లీ ఆడించండి. తర్వాత అమ్మినవారు కొనేవారుగా, కొన్నవారు అమ్మేవారుగా మారాలి. నాలుగేసి నిమిషాలు, మధ్యలో కట్ లేకుండా తీయండి. తీసింది వాళ్లకే చూపించి, చూస్తున్నప్పటి ముఖాలనూ తీయండి. సరుకు తగ్గాక వెళ్లండి, పొద్దున్నే వెళితే తిట్లు తప్ప మరేమీ దొరకవు.