రౌండింగ్ నేర్పాలంటే ముందు టేపు, తర్వాతే నియమం

సంఖ్యను దగ్గర్లోని పదికో, వందకో సవరించడమే రౌండింగ్. "ఐదు, ఆపైన ఉంటే పెంచు, లేకపోతే వదిలెయ్" అని మొదటిరోజే బట్టీ పట్టిస్తే పిల్లలు జవాబులు రాస్తారు గానీ, అంకె ఎందుకు మారిందో చెప్పలేరు. ముందు వాళ్లకు తెలియాల్సింది ఒక్కటే: ఈ సంఖ్య ఏ రెండు పదుల మధ్య ఉంది, వాటిలో ఏది దగ్గర?

దీనికి దర్జీ టేపు చాలు. సెంటీమీటర్ల వైపు పైకి వచ్చేలా నేలమీద పరిచి, 37 మీద ఒక శనగగింజ పెట్టించండి. దానికి వెనకున్న పది, ముందున్న పది ఏవో పిల్లలే వెతికి 30 దగ్గర, 40 దగ్గర బట్టల క్లిప్పులు పెట్టాలి. గింజ నుంచి 40కి మూడు గీతలు, 30కి ఏడు. కాబట్టి 40. ఇలా పది పన్నెండు సంఖ్యలు అయ్యాక 35 ఇవ్వండి. ఎటు చూసినా ఐదే! ఇక్కడ వాదించుకుంటారు, వాదించుకోనివ్వండి. సరిగ్గా మధ్యలో ఉంటే పైకి వెళ్లడం మనం పెట్టుకున్న ఒప్పందమని ఉన్నదున్నట్టు చెప్పండి. అందులో ఒక సౌకర్యం కూడా ఉంది. వందలకు సవరించేటప్పుడు 350 ఒక్కటే మధ్యలో ఉంటుంది. 351 నుంచి 359 వరకు అన్నీ 400కే దగ్గర. ఐదును పైకే పంపితే పదుల స్థానంలో 5 కనబడగానే తేల్చేయొచ్చు, ఒకట్లు చూడక్కర్లేదు.

ఇప్పుడు పెద్ద సంఖ్యలు. ప్రకాశం బ్యారేజీ పొడవు 1,223 మీటర్ల పైచిలుకు. 1,223ను పదులకు సవరిస్తే 1,220, వందలకు 1,200, వేలకు 1,000. ఏ స్థానానికో చెప్పకుండా "రౌండ్ చెయ్" అంటే జవాబే లేదు. ఆ స్థానం కింద గీత గీయించి, దాని కుడిపక్క అంకె ఒక్కటే చూడమనండి.

తప్పులు ఎక్కువగా ఇక్కడే వస్తాయి. 1,449ని వందలకు సవరించమంటే ముందు 1,450 చేసి, దాన్నుంచి 1,500కి వెళ్తారు. జవాబు 1,400, మెట్లుమెట్లుగా సవరించకూడదు. "తగ్గించు" అన్న మాట విని 43ని 30 చేసేవాళ్లూ ఉంటారు, అందుకే ఆ మాట వాడకండి, "పదుల అంకె అలాగే ఉంచు" అనండి. ఇక తొమ్మిది. 397ని పదులకు సవరించేటప్పుడు 9 స్థానంలో 10 పెట్టేసి 3,100 అని కూడా రాస్తారు. "ఇందులో 39 పదులున్నాయి, తర్వాత ఎన్ని పదులు?" అని అడిగితే 40 పదులు, అంటే 400 అని వాళ్లే అంటారు.

లెక్క వచ్చాక బజారుకు తీసుకెళ్లండి. విజయవాడ బీసెంట్ రోడ్డులో 368, 249, 185 రూపాయల వస్తువులు మూడు కొన్నారనుకోండి. వందలకు సవరిస్తే 400, 200, 200, మొత్తం 800. అసలు బిల్లు 802! అంచనా బాగానే ఉంది, కానీ చేతిలో 800 పట్టుకెళ్తే చాలదు. డబ్బు సరిపోవాలంటే అన్నిటినీ పైకే, 400, 300, 200గా, 900 అనుకోవాలి. కొన్ని సంఖ్యలను అసలు సవరించకూడదనీ చెప్పండి: విజయవాడ నుంచి చెన్నై వెళ్లే పినాకిని ఎక్స్‌ప్రెస్ నంబరు 12711. దాన్ని 12710 అంటే ఆ రైలు దొరకదు.

నిజంగా అర్థమైందో లేదో తెలియాలంటే ప్రశ్న తిప్పి అడగండి: పదులకు సవరిస్తే 60 వచ్చే సంఖ్యలన్నీ రాయమనండి. 55 నుంచి 64 వరకు పది సంఖ్యలు రావాలి. 56తో మొదలుపెట్టినా, 65 కలిపినా, మళ్లీ టేపు పరిచి మధ్య గీత దగ్గర గింజ పెట్టించండి.