లైనక్స్ కెర్నెల్ బూట్‌లో ఆగిపోతే: ఇనిషియలైజేషన్ క్రమంలో తప్పు ఎక్కడుందో పట్టుకోవడం

కర్నూలు నుంచి గని, శకునాల గ్రామాల వైపు సోలార్ సైట్‌లో పెట్టిన డేటా లాగర్ బోర్డు కరెంటు పోయి వచ్చాక లేవకపోతే, మనిషి వెళ్లి చూసి రావడానికే పూట గడిచిపోతుంది. కాబట్టి "ఎప్పుడో ఒకసారి వస్తుందిలే" అని బూట్ లోపాన్ని వదిలేయకూడదు. ఇది లైనక్స్‌తో నడిచే బోర్డులకు డ్రైవర్లు రాసేవాళ్ల కోసం.

స్క్రీన్ మీద ఏమీ రావడం లేదు

కెర్నెల్ మొదలే కాలేదనుకోవద్దు. కన్సోల్ డ్రైవర్ లేవకముందే కూలి ఉండొచ్చు. బోర్డు సీరియల్ పిన్నులు 3.3 వోల్టులవైతే అదే వోల్టేజీ కన్వర్టర్ తగిలించండి, 5 వోల్టులది పెడితే పిన్ను కాలిపోవచ్చు. బూట్‌లోడర్‌లో (కెర్నెల్‌ను లోడ్ చేసి మొదలుపెట్టే ప్రోగ్రామ్) కెర్నెల్ కమాండ్ లైనుకు ఎర్లీకాన్ (కన్సోల్ డ్రైవర్ లేవకముందే లాగ్ చూపించేది), ఇనిట్‌కాల్_డీబగ్, ఇగ్నోర్_లాగ్‌లెవెల్ మూడూ చేర్చండి. ఇనిట్‌కాల్ (బూట్‌లో కెర్నెల్ వరసగా పిలిచే ఇనిట్ ఫంక్షన్) లైన్లు డీబగ్ స్థాయిలో వస్తాయి కనుక మూడోది మర్చిపోతే కన్సోల్ మీద కనబడవు.

ఇక ప్రతి ఇనిట్ ఫంక్షన్‌కూ రెండు లైన్లు పడతాయి. మొదలైనప్పుడు "కాలింగ్", ముగిశాక "రిటర్న్డ్ 0 ఆఫ్టర్" అని మైక్రోసెకండ్ల లెక్క. జత లేకుండా మిగిలిపోయిన చివరి "కాలింగ్" లైను దగ్గర వెతకడం మొదలుపెట్టండి. లాగ్ పెట్టగానే లోపం మాయమైతే సంతోషించకండి. సీరియల్ ప్రింటింగ్ వల్ల బూట్ నెమ్మదించింది, అంటే రెండు పనులు ఒకదానితో ఒకటి పోటీ పడుతున్నాయన్నమాట.

నల్ పాయింటర్ ఊప్స్, అడ్రసు మాత్రం చిన్న సంఖ్య

ఊప్స్ అంటే కెర్నెల్ తన కోడ్‌లో తప్పు జరిగిందని ఇచ్చే రిపోర్టు. అందులో 0000000000000010 లాంటి అడ్రసు (హెక్స్‌లో 10, అంటే 16) కనబడితే, ఖాళీ పాయింటర్ పట్టుకుని స్ట్రక్చర్‌లో 16వ బైటు దగ్గరున్న సభ్యుణ్ణి చదవబోయారని అర్థం. అది ఏ సభ్యుడో పాహోల్ టూల్ చూపిస్తుంది. మీ డ్రైవర్‌కు కావలసిన సబ్‌సిస్టమ్ ఇంకా లేవలేదన్నది ఇక్కడ ఎక్కువసార్లు తేలే కారణం.

'ఎర్లీ' అనే తొలి దశ తర్వాత ఇనిట్‌కాల్ స్థాయిలు 0 నుంచి 7 వరకు వరసగా నడుస్తాయి: ప్యూర్, కోర్, పోస్ట్‌కోర్, ఆర్చ్, సబ్‌సిస్, ఎఫ్‌ఎస్, డివైస్, లేట్. మాడ్యూల్_ఇనిట్ అని రాసిన డ్రైవర్‌ను కెర్నెల్‌లోనే కలిపి కట్టితే అది 6వ స్థాయిలో పడుతుంది. ఒకే స్థాయిలో ఉన్నవాటికి లింక్ క్రమమే దిక్కు, అంటే మేక్‌ఫైల్‌లో ఏ లైను ముందుంటే అది ముందు. నిన్నటిదాకా మాడ్యూల్‌గా బాగా నడిచిన డ్రైవర్ కాన్ఫిగ్‌లో 'ఎమ్'ను (విడి మాడ్యూల్) 'వై'గా (కెర్నెల్‌లోనే కలపడం) మార్చగానే కూలడానికి ఇదే కారణం కావచ్చు.

అలాంటప్పుడు చాలామంది లేట్_ఇనిట్‌కాల్‌కు మార్చేస్తారు, లేదా ఎమ్‌స్లీప్ (కొన్ని మిల్లీసెకండ్లు ఆపే పిలుపు) ఒకటి ఇరికిస్తారు. ఆ పని చేయొద్దు. రేపు ఇంకో డ్రైవర్ చేరితే అదే గొడవ మళ్లీ వస్తుంది. క్లాక్, రెగ్యులేటర్, జీపీఐఓ ఏది కావాలన్నా ప్రోబ్‌లో (పరికరాన్ని సిద్ధం చేయడానికి కెర్నెల్ పిలిచే డ్రైవర్ ఫంక్షన్) ముందుగా అడగండి. ఇంకా సిద్ధంగా లేకపోతే -517 (ఈప్రోబ్_డిఫర్, అంటే తర్వాత మళ్లీ ప్రయత్నించమని) వస్తుంది, దాన్ని ఉన్నది ఉన్నట్టే పైకి రిటర్న్ చేయండి. మరో పరికరం విజయవంతంగా లేచాక కెర్నెల్ మీ ప్రోబ్‌ను మళ్లీ పిలుస్తుంది. ఎర్రర్ వస్తే చాలు, -ఈనోడెవ్ (అలాంటి పరికరం లేదు) అని రాసేసే కోడ్ చాలాచోట్ల ఉంటుంది. దానివల్ల మళ్లీ పిలిచే అవకాశమే పోతుంది. 5.9 కెర్నెల్ నుంచి ఎర్రర్‌ను లాగ్ చేసి అదే కోడ్‌ను తిరిగిచ్చే డెవ్_ఎర్_ప్రోబ్ ఉంది, అదే వాడండి.

డ్రైవర్ ఉంది, పరికరం రాలేదు, ఎర్రర్ కూడా లేదు

డీబగ్‌ఎఫ్‌ఎస్ (కెర్నెల్ లోపలి వివరాలను ఫైళ్లుగా చూపించేది) మౌంట్ చేసి అందులో డివైసెస్_డిఫర్డ్ ఫైలు చూడండి. ఎదురుచూస్తూ మిగిలిపోయిన పరికరాల పేర్లన్నీ అందులో ఉంటాయి. చాలాసార్లు క్లాక్ డ్రైవర్ కాన్ఫిగ్‌లో లేకపోవడమో, డివైస్ ట్రీలో (బోర్డు మీద ఏయే పరికరాలున్నాయో కెర్నెల్‌కు చెప్పే వివరణ) దాని స్టేటస్ 'డిజేబుల్డ్' అని ఉండడమో బయటపడుతుంది.

కరెంటు ఇస్తే లేవదు, రీసెట్ నొక్కితే లేస్తుంది

ముందటి బూట్‌లో ఆన్ చేసిన క్లాకో రెగ్యులేటరో రీసెట్ తర్వాత కూడా ఆన్‌లోనే ఉండిపోయి డ్రైవర్ తప్పును కప్పేస్తుంది. ప్రోబ్‌లో ముందు రెగ్యులేటర్ ఆన్ చేయాలి, డేటాషీట్‌లో చెప్పినంతసేపు ఆగాలి, తర్వాత క్లాక్, ఆ తర్వాత రీసెట్ విడుదల, ఇవన్నీ అయ్యాకే రిజిస్టర్లు. కొన్ని చిప్‌లు క్లాక్, రీసెట్‌లను వేరే వరసలో కోరతాయి, డేటాషీట్ మాటే వినండి.

పరీక్షించేటప్పుడు రీబూట్ కమాండ్ నమ్ముకోవద్దు. అడాప్టర్ తీసేయండి, సీరియల్ కన్వర్టర్ వైర్లు కూడా పీకండి. కన్వర్టర్ పిన్ను గుండా బోర్డుకు కొద్దిగా కరెంటు పారుతూనే ఉంటే అది నిజమైన కోల్డ్ బూట్ (కరెంటు పూర్తిగా పోయాక మొదలవడం) కాదు.

బూట్ దాదాపు పూర్తయ్యాక బిగుసుకుపోతుంది

ఎవరూ వాడటం లేదనుకున్న క్లాక్‌లను కెర్నెల్ చివరి స్థాయిలో ఆపేస్తుంది. కమాండ్ లైన్‌లో సీఎల్‌కే_ఇగ్నోర్_అన్‌యూజ్డ్ పెట్టి చూడండి. లేస్తే, ఏదో డ్రైవర్ తనకు కావలసిన క్లాక్‌ను ఆన్ చేయమని అడగకుండానే వాడుకుంటోంది. ఆ ఆప్షన్ పరీక్షకే, సైట్‌కు వెళ్లే ఇమేజ్‌లో ఉంచకండి.

ఇంటరప్ట్ హ్యాండ్లర్‌లో కూలుతుంది

రిక్వెస్ట్_ఐఆర్‌క్యూ పిలిచిన మరుక్షణమే ఇంటరప్ట్ రావచ్చు, బూట్‌లోడర్ వదిలేసినది పెండింగ్‌లో ఉంటే తప్పకుండా వస్తుంది. స్పిన్‌లాక్, వెయిట్‌క్యూ సిద్ధం చేసి, పరికరంలో పాత ఇంటరప్ట్ స్టేటస్ తుడిచాకే ఆ పిలుపు రాయండి.

రూట్ ఫైల్ సిస్టమ్ మౌంట్ కాలేదని పానిక్

పానిక్ అంటే కెర్నెల్ ఇక ముందుకు వెళ్లలేక ఆగిపోవడం. ఎస్‌డీ కార్డును గుర్తించే పని వెనకాల విడిగా నడుస్తుంది, అది ముగియకముందే మౌంట్ చేయబోతే ఇలా జరుగుతుంది. కెర్నెల్ దానికోసం ఆగాలంటే కమాండ్ లైన్‌కు రూట్‌వెయిట్ చేర్చాలి. చేర్చాక పానిక్ పోయి, రూట్ డివైస్ కోసం ఎదురుచూస్తూ అక్కడే ఉండిపోతే క్రమం తప్పు కాదు, కార్డు డ్రైవరే కెర్నెల్‌లో లేదేమో, లేదా రూట్ పేరు తప్పేమో చూడండి.