వానలకు ముందు మేడ మీది ఇటుక పొగగొట్టం: పూత వేయించే ముందు పాటించవలసిన జాగ్రత్తలు

నైరుతి రుతుపవనాలు సాధారణంగా జూన్ నెల రెండో వారం ప్రాంతంలో విశాఖపట్నాన్ని తాకుతాయి. అప్పటి నుంచి నవంబరు దాకా, అక్టోబరు తుపాన్లతో సహా, మేడ మీద ఏ ఆచ్ఛాదనా లేకుండా నిలబడి ఉండే ఇటుక కట్టడాలకు గడ్డుకాలమే. వాటిలో అన్నిటికన్నా ముందు దెబ్బతినేది పొగగొట్టం. ఇంటి గోడకు ఒక వైపు వాన కొట్టినా రెండో వైపు పొడిగా ఉంటుంది గాని, పొగగొట్టానికి నాలుగు ముఖాలా, నెత్తి మీదా వాన, ఎండ, ఉప్పుగాలి తగులుతూనే ఉంటాయి. కట్టెల పొయ్యితో నడిచే బేకరీలకు, పాత హోటళ్ల వంటశాలలకు, పాతనగరం, మహారాణిపేట వైపు మిగిలిన సున్నపు గార ఇళ్లకు ఇటువంటి గొట్టాలు ఇంకా ఉన్నాయి. వాటి యజమానులు మే నెలాఖరున మేస్త్రిని పిలిచి, దుకాణంలో దొరికిన వాటర్ ప్రూఫ్ పూత ఒకటి వేయించి ఊరుకోవడం మామూలు. అయితే పూత అనేది ఈ పనిలో అన్నిటికన్నా చివరిది. తడి ఆరని ఇటుక మీద, ఉప్పు పట్టిన ఇటుక మీద వేసిన పూత వల్ల, ఏమీ వేయకుండా వదిలేసినప్పటి కంటే ఎక్కువ చెరుపు జరుగుతుంది.

ఎందుకంటే సముద్రపు గాలిలోని ఉప్పు వాననీటితో కలిసి ఇటుక రంధ్రాలలోకి చేరుతుంది. గాలిలో తేమ సుమారు 75 శాతం దాటినప్పుడు మామూలు ఉప్పు ఆ తేమను పీల్చుకొని కరిగిపోతుంది. తేమ అంతకు తగ్గగానే మళ్లీ స్ఫటికంగా గట్టిపడుతుంది. మన తీరంలో తేమ ఈ హద్దుకు అటూ ఇటూ తిరుగుతూ ఉంటుంది కాబట్టి, చుక్క వాన పడని రోజుల్లో కూడా ఇటుక లోపల ఈ కరగడం, గట్టిపడడం సాగుతూనే ఉంటాయి; గట్టిపడిన ప్రతిసారీ స్ఫటికం పెరిగి రంధ్రపు గోడలను నెడుతుంది. గాలి ఆడే ఇటుక అయితే ఈ ఉప్పు తెల్లటి పొడిగా పైకి వచ్చి రాలిపోతుంది. అదే ఇటుక మీద దళసరి రంగు పొర ఉంటే, పగుళ్ల గుండా లోపలికి వెళ్లిన నీరు బయటికి రాలేక పొర వెనకనే ఆగి, తనతో తెచ్చిన ఉప్పును అక్కడే పోగుచేస్తుంది. కొంతకాలానికి ఆ పొర ఒక్కటీ కాక, ఇటుక ముఖం కూడా పెచ్చుగా ఊడి వస్తుంది. రంగు ఊడిన చోట ఇటుక ఎర్రగా, పిండిపిండిగా రాలుతూ కనిపిస్తే జరిగింది ఇదేనని గ్రహించాలి.

ఎండ చేసే హాని ఇంకొక తీరుది. పడమటి, నైరుతి ముఖాలు మే నెల మధ్యాహ్నాలలో బాగా కాగి ఉన్న సమయంలో ఉరుములతో జల్లు పడితే, పైపొర ఒక్కసారిగా చల్లబడి కుంచించుకుపోతుంది, లోపలి భాగం ఇంకా వేడిగానే ఉంటుంది. ఇటుక, దాని మధ్య సున్నం, నెత్తి మీద పోసిన సిమెంటు దిమ్మె ఒకే తీరున సాగవు, ఒకే తీరున ముడుచుకోవు. అందువల్ల సన్నటి పగుళ్లు ముందుగా ఈ మూడూ కలిసే చోటనే పుడతాయి. ఇక తారు పూతలు, చవక రకం ఆక్రిలిక్ పూతలు ఎండలోని అతినీలలోహిత కిరణాలకు పెళుసుబారి చిట్లుతాయి. అందుచేత డబ్బా మీద నీటిని ఆపుతుందని ఉన్నంత మాత్రాన సరిపోదు. ఎండకు ఎంతకాలం నిలుస్తుందో కూడా అడిగి తెలుసుకోవాలి.

పనికి సరైన కాలం సంక్రాంతి తర్వాత మొదలవుతుంది. డిసెంబరు నుంచి మార్చి వరకు మనకు వానలు బాగా తక్కువ కనుక, జనవరిలో పరిశీలన, ఫిబ్రవరిలో మరమ్మతు, మార్చి అంతా ఆరడానికి, ఏప్రిల్ మొదట్లో పూత అన్న క్రమం అన్నివిధాలా అనుకూలంగా ఉంటుంది. పరిశీలన కోసం ప్రతిసారీ నిచ్చెన ఎక్కవలసిన అవసరం ఉండదు. పక్క మేడ మీద నుంచి ఫోను కెమెరాతో దగ్గరగా తీసిన బొమ్మలు చాలావరకు సరిపోతాయి. మన తీరరేఖ నైరుతి నుంచి ఈశాన్యానికి సాగుతుంది గనుక సముద్రం వైపు ముఖం అంటే ఆగ్నేయపు ముఖం; ఉప్పు తెల్లదనం అక్కడ, ఎండ పగుళ్లు పడమట ఎక్కువగా వెతకాలి. నెత్తి మీది దిమ్మెలో పగుళ్లు, ఇటుకల మధ్య వేలు దూరేంత ఖాళీలు, తుప్పు మరకలు, గొట్టం కప్పును కలిసే చోట లోపలి సీలింగు మీద పడిన పసుపు వలయాలు, ఇవన్నీ రాసిపెట్టుకోవాలి. మద్రాసు టెర్రస్ కప్పు, అంటే టేకు దూలాల మీద ఇటుకలు పేర్చి సున్నంతో వేసిన కప్పు, ఉన్న పాత ఇళ్లలో ఆ పసుపు వలయాన్ని చిన్న విషయంగా తీసుకోకూడదు. అక్కడి నీరు నేరుగా టేకు దూలాల చివర్లకు చేరుతుంది, దూలం పుచ్చిన సంగతి బయటపడేసరికి కప్పే కుంగుతుంది.

సందుల్లో మొలిచిన రావి, మర్రి మొక్కల సంగతి విడిగా చెప్పాలి. పైకి కనిపించే కొమ్మను విరిచేస్తే మొక్క పోయిందనుకుంటారు గాని, వేరు ఇటుకల మధ్య ఉన్నంతకాలం అది తిరిగి చిగురిస్తూనే ఉంటుంది, ప్రతి చిగురుతోనూ వేరు లావెక్కుతుంది. లేత మొక్క అయితే వానాకాలంలో సందు మెత్తబడినప్పుడు వేరుతో సహా లాగవచ్చు. ముదిరిన వేరును బలవంతంగా పీకితే నాలుగు ఇటుకలు దానితో కూడా వస్తాయి; అటువంటి చోట వరుసలను జాగ్రత్తగా విప్పి, వేరును పూర్తిగా తీసి, తిరిగి కట్టించడమే మార్గం.

శుభ్రం చేసేటప్పుడు ఉప్పును మొదట పొడిగానే తీయాలి. గట్టి కుంచెతో దులిపి, రాలిన పొడిని గుడ్డలో పట్టి పారబోయాలి. ముందే నీళ్లు కొడితే పైకి వచ్చిన ఉప్పు మళ్లీ లోపలికి వెళ్లిపోతుంది. ఆ తర్వాత మంచినీటితో కొద్దికొద్దిగా తడిపి, ఆరనిచ్చి, మళ్లీ పైకి తేలిన ఉప్పును దులపాలి. తెల్లదనం రావడం బాగా తగ్గేవరకు ఇలా చేయవలసి ఉంటుంది, విసుగు పుట్టించే పనే అయినా దీనికి దగ్గరి దారి లేదు. ఓడరేవుకు దగ్గరి పేటల్లో ఇటుక మీద పేరుకునే నల్లటి దుమ్మును కూడా ఇప్పుడే వదిలించాలి, ఎందుకంటే ఆ దుమ్ము తేమను పట్టి ఉంచుతుంది, పూతను ఇటుకకు అంటనివ్వదు. కొందరు పనివారు మురియాటిక్ యాసిడ్, అంటే హైడ్రోక్లోరిక్ ఆమ్లం, పోసి నిమిషాల్లో ఎర్రగా మెరిపిస్తామంటారు. దానికి ఒప్పుకోకండి. ఆ ఆమ్లం సున్నాన్ని తినేస్తుంది. పైగా ఉప్పులోని ఏ క్లోరైడును వదిలించాలని ఇంత శ్రమ పడుతున్నామో దానినే మళ్లీ ఇటుకలో నింపిపోతుంది.

సందులు పూడ్చే మిశ్రమం విషయంలో ఈ ఊరిలో ఎక్కువగా జరిగే తప్పు, సున్నంతో కట్టిన పాత ఇటుకల మధ్య గట్టి సిమెంటు దట్టించడం. గోటితో గీస్తే రాలే, తెల్లటి గడ్డలు కనిపించే మిశ్రమం అయితే అది సున్నమే. దాని చోట సిమెంటు పెడితే, తేమ మెత్తటి సందు గుండా కాక ఇటుక గుండానే బయటికి పోవలసి వస్తుంది, ఉప్పు కూడా అక్కడే తేలి ఇటుకను కొరుకుతుంది. సందు ఎప్పుడూ ఇటుక కంటే మెత్తగా ఉండాలి. అరిగితే అది అరగాలి, దానిని మళ్లీ నింపుకోవచ్చు. గానుగ సున్నానికి సుర్కీ, అంటే మెత్తటి ఇటుక పొడి, ఇసుక కలిపి వాడే పద్ధతి తెలిసిన మేస్త్రులు తగ్గిపోయారు గాని పూర్తిగా లేకుండా పోలేదు. వెతికి పట్టుకోవడం విలువైన పనే. ఇటీవలి కాలంలో సిమెంటుతో కట్టిన గొట్టమైతే ఒక పాలు సిమెంటు, ఒక పాలు సున్నం, ఆరు పాళ్లు ఇసుక సరిపోతాయి. పాత మిశ్రమాన్ని సందు వెడల్పుకు కనీసం రెండింతల లోతు వరకు ఉలితో తీయాలి. గ్రైండరు పెడితే పని తొందరగా అవుతుంది గాని ఇటుక అంచులు తెగిపోతాయి.

ఇసుక, నీరు ఎక్కడివో అడగడం మొహమాటపడవలసిన విషయం కాదు. నాగావళి, వంశధార వంటి నదుల ఇసుక కావాలి తప్ప తీరానికి దగ్గరి ఉప్పు ఇసుక పనికిరాదు. సముద్రానికి దగ్గరి బోర్లలో నీరు ఉప్పగా ఉండడం తెలిసిందే. ఇనుము ఉన్న కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించకూడదని కాంక్రీటుకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 456 చెబుతుంది. నెత్తి మీది దిమ్మెలో చువ్వలు వేస్తారు కనుక ఆ హద్దునే పాటించాలి. పరీక్ష చేయించే వీలు లేకపోతే కుళాయి నీరు వాడండి. పూడ్చిన తర్వాత ఎండకు తొందరపడి ఆరిపోకుండా తడి గోనెపట్టలు కప్పి, కనీసం వారం రోజులు తడుపుతూ ఉండాలి. సున్నపు పని అయితే ఇంకా ఎక్కువ రోజులు.

నెత్తి మీది దిమ్మె నీటిని బయటికి తోసేలా వాలుగా ఉండాలి, గొట్టం ముఖం కంటే సుమారు 50 మిల్లీమీటర్లు బయటికి రావాలి, అడుగున నీరు వెనక్కి పాకకుండా సన్నటి గాడి ఉండాలి. ఈ గాడి లేకపోవడం చిన్న లోపంలా కనిపిస్తుంది గాని, దిమ్మె మీద పడిన నీరంతా అంచు కిందుగా వెనక్కి పాకి, ఇటుక ముఖం మీదుగా కారేది దాని వల్లనే. గొట్టం కప్పును కలిసే చోట ఉత్త సిమెంటు పూస చాలదు. కప్పు ఒక తీరున, గొట్టం ఒక తీరున కదులుతాయి కాబట్టి అది చిట్లుతుంది. రేకును ఇటుక సందులోకి దూర్చి మడిచి, ఎండకు తట్టుకునే సిలికాన్ సీలెంటుతో మూయించాలి. డిష్ యాంటెన్నా కోసమో, బట్టల తీగ కోసమో గొట్టానికి బిగించిన ఇనుప కొక్కేలను తీసేయాలి. తుప్పు పట్టిన ఇనుము ఎన్నో రెట్లు ఉబ్బి ఇటుకను చీలుస్తుంది. తప్పనిసరిగా లోహం కావలసిన చోట 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలు వాడడం మేలు, 304 రకం మన గాలికి మరకలు పడుతుంది.

ఇంత అయ్యాకే పూత మాట. సిలేన్, సిలోక్సేన్ జాతికి చెందిన, ఇటుకలోకి ఇంకే ద్రవాలు పొరగా ఏర్పడవు. తామర ఆకు మీద లాగా నీటిని జారిపోనిస్తూనే లోపలి ఆవిరిని బయటికి పోనిస్తాయి, రంధ్రాల లోపల ఉండడం వల్ల ఎండ వాటిని తొందరగా చెరపలేదు. కాని అవి పగుళ్లను పూడ్చవు, కాబట్టి మరమ్మతుకు బదులుగా వాడకూడదు. కొత్త సిమెంటు మిశ్రమానికి 28 రోజులు గడిచాకే వేయడం మంచిది. ఇటుక ఆరిందో లేదో తెలుసుకోవడానికి, ఒక పారదర్శక ప్లాస్టిక్ పట్టను నాలుగు అంచులా టేపుతో అంటించి రాత్రంతా ఉంచితే, ఉదయానికి దాని లోపల చెమ్మ పట్టిందంటే ఇంకా ఆగవలసిందే. పూత వేసే రోజున ఉదయమే, నీడ ఉన్న ముఖంతో మొదలుపెట్టాలి. కాగిన ఇటుక మీద ద్రవం ఇంకే లోపే ఆవిరైపోతుంది. కింది నుంచి పైకి, ఇటుక తాగినంత పట్టించి, మొదటిది ఆరకముందే రెండోసారి పట్టించాలి. ముందు వెనకల ఒక రోజు వాన లేకుండా వాతావరణ సూచన చూసుకోవాలి. గొట్టం లోపలి వైపు ఈ పూత వేయకూడదు.

నిప్పు విషయంలో ఏ సడలింపూ ఉండరాదు. సాల్వెంటు కలిసిన పూతలు మండే స్వభావం ఉన్నవి. పొయ్యి ముందురోజే ఆర్పి, గొట్టం పూర్తిగా చల్లారాకే పని మొదలవ్వాలి. పని మధ్యలో గొట్టం నోటిని టార్పాలిన్‌తో మూస్తే ఆ సంగతి వంటశాలలో ప్రతి ఒక్కరికీ తెలియాలి, పొయ్యి నోటి దగ్గర బోర్డు కూడా పెట్టాలి. మూసిన గొట్టం కింద నిప్పు రాజేస్తే కార్బన్ మోనాక్సైడ్ గదిలోకి నిండుతుంది, దానికి వాసన ఉండదు. వాడకం మానేసిన గొట్టాన్ని కూడా పూర్తిగా బిగించి మూయకండి. వాన పడని విధంగా కప్పి, పక్కల గాలి ఆడేలా జాలీ పెడితే లోపల చెమ్మ నిలవదు, పావురాలు గూడు కట్టవు.

సరుగుడు కర్రల పరంజాను గొట్టానికే కట్టడం ప్రమాదం. సందులు వదులైన గొట్టం మనిషి బరువు మోయలేదు. పనివాడికి సేఫ్టీ బెల్టు ఉండాలి, దాని తాడు కప్పులోని గట్టి ఆధారానికి కట్టాలి, దగ్గరలో కరెంటు తీగలు ఉంటే సరఫరా ఆపించాలి. తుపాను హెచ్చరిక వెలువడిందంటే పరంజాను విప్పి దించేయాలి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు గాలి గంటకు 170 నుంచి 180 కిలోమీటర్ల వేగంతో వీచింది. అటువంటి గాలిలో విప్పని కర్ర ప్రతిదీ పక్క ఇంటి కిటికీకి ముప్పే, వదులైన ఇటుకైనా అంతే.

జూన్ దగ్గరపడినా ఇటుక ఆరకపోతే, ఆ ఏడు పూత మానేయడమే సరైన నిర్ణయం. దిమ్మె పగుళ్లు, కప్పు కలిసే చోటు, పెద్ద సందులు మాత్రం మూయించి, వాడకంలో లేని గొట్టమైతే పైన గాలి ఆడేలా టార్పాలిన్ కట్టి, జనవరి దాకా ఆగాలి. వేసిన పూతను ప్రతి ఏడూ వానలు వెలిశాక లోటాడు నీళ్లు చల్లి చూడండి: చుక్కలుగా జారితే పని చేస్తున్నట్టు, ఇటుక వెంటనే నల్లబడి నీటిని తాగితే ఆ ముఖానికి మళ్లీ వేయించవలసినట్టు. సముద్రం వైపు ముఖానికి ఆ అవసరం మిగతా మూడింటి కంటే ముందుగా రావచ్చు.