మన మనిషి పోయాక – 3వ పాఠం: స్టేట్‌మెంట్ చదవడం

పోయిన పాఠంలో మరణ ధ్రువీకరణ పత్రం గురించి చెప్పుకున్నాం. అది చేతికొచ్చి, నకళ్లు కూడా తీయించుకుని ఉంటే ఈ పని మొదలుపెట్టవచ్చు. మనసు ఇంకా కుదుటపడకపోతే ఒక వారం ఆగండి, ఫరవాలేదు.

ఏ పాలసీ ఎక్కడుందో, ఎవరికెంత బాకీయో పోయినవాళ్లు అన్నీ చెప్పి పోరు. నామినీగానో వారసులుగానో బ్యాంకును అడిగి, చివరి 12 నెలల స్టేట్‌మెంట్ తీసుకోండి. మూడు నెలలది చాలదు. ఏడాదికోసారి కట్టే ప్రీమియం అందులో కనపడకపోవచ్చు.

పెన్సిల్ పట్టుకుని ఒక్కో పద్దూ చూస్తూ రండి. ప్రతి నెలా ఒకే తేదీకి ఒకే మొత్తం పోతుంటే అది ఈఎమ్ఐ కావచ్చు. ఏడాదికోసారి పోయేది ప్రీమియమో, లాకరు అద్దో కావచ్చు. వేరే చోటి నుంచి వడ్డీ జమైతే అక్కడ డిపాజిట్ ఉన్నట్టే. డివిడెండ్ (కంపెనీ లాభంలో వాటా) పడితే షేర్లు ఉండొచ్చు.

మా నాన్నగారి స్టేట్‌మెంట్‌లో ఒక చిన్న మొత్తం ఏడాది మొత్తానికి ఒక్కసారే పోయింది. పక్కన సగంలో తెగిపోయిన పొడి అక్షరాలు. "బ్యాంకు చార్జీలేమోలేరా" అంది అమ్మ. నేనూ వదిలేశాను. రెండోసారి చదువుతుంటే ఆ అక్షరాల చివర "ఇన్స్" అని కనపడింది. వెళ్లి అడిగితే, ఖాతాతో పాటు నాన్న తీసుకున్న జీవిత బీమా అది. అందుకే రెండుసార్లు చదవమంటాను, రెండోసారి ఇంట్లో ఇంకొకరితో చదివించమంటాను.

అప్పు బయటపడితే టెన్షన్ పడకండి. ఆ లోనుకు ఇన్సూరెన్స్ ఉందేమో ముందు కనుక్కోండి. మామూలుగా అప్పులు తీరేది పోయినవారు వదిలిన ఆస్తిలోంచే. హామీదారుగానో, కలిసి తీసుకున్నవారిగానో మీరు సంతకం పెట్టి ఉంటే మాత్రం సంగతి వేరు. బాకీ ఉందని ఫోన్ చేసినవాళ్లను కాగితాలు చూపించమనండి. అప్పటిదాకా రూపాయి కూడా కట్టకండి.

స్టేట్‌మెంట్లు ఈమెయిల్‌కే వచ్చేవా? తమ తర్వాత ఖాతా చూసేందుకు పోయినవారు ముందే మీ పేరు పెట్టి ఉంటే గూగుల్‌లో ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ (2013 నుంచి ఉంది), యాపిల్‌లో లెగసీ కాంటాక్ట్ (2021 నుంచి) అనే ఏర్పాట్లు పనికొస్తాయి. యాపిల్ వాళ్లు యాక్సెస్ కీతో (మీ పేరు పెట్టినప్పుడు వచ్చే కోడ్) పాటు మరణ ధ్రువీకరణ పత్రం కూడా అడుగుతారు.

పోయినవారి ఫోన్ నంబరు అప్పుడే తీసేయించకండి. ప్రీమియం గడువులు, బాకీ నోటీసుల మెసేజ్‌లు వచ్చేది దానికే. అలాగని పిన్ తెలుసు కదా అని ఏటీఎంలో డబ్బు తీయడం, ఓటీపీ చూసి బదిలీ చేయడం వద్దు. ఆ డబ్బు ఇక వారసులందరిదీ. వాళ్లు బ్రతికుండగా మీకిచ్చిన పవర్ ఆఫ్ అటార్నీ (వాళ్ల తరపున పనులు చేసే అధికార పత్రం) కూడా మామూలుగా వాళ్లతోనే ముగిసిపోతుంది.

ఈ వారం అభ్యాసం: ఒక నోటుబుక్కులో తేదీ, మొత్తం, ఎవరికి పోయింది, దేనికి అని నాలుగు గళ్లు గీసుకోండి. అర్థంకాని పద్దుల పక్కన ప్రశ్న గుర్తు పెట్టి వదిలేయండి. వాటిని బ్యాంకు కౌంటరు దగ్గర ఎలా అడగాలో వచ్చే పాఠంలో చూద్దాం.