స్పానిష్ ‘మానో’ చేతికి చిక్కాలంటే

బెంగళూరు మారతహళ్లిలో నా దగ్గర స్పానిష్ నేర్చుకునేవాళ్లలో ఎక్కువమంది తెలుగువాళ్లే. మెక్సికో, స్పెయిన్ క్లయింట్లతో మాట్లాడాల్సిన ఉద్యోగులు. వాళ్లకు తొలివారమే ‘మానో’ నేర్పుతాను. మానో అంటే చెయ్యి. ఓకారంతో ముగిసినా స్త్రీలింగమే కాబట్టి ముందు పుంలింగానికి వాడే ‘ఎల్’ కాదు, స్త్రీలింగానికి వాడే ‘లా’ పెట్టి ‘లా మానో’ అనాలి. లాటిన్ ‘మానుస్’ కూడా స్త్రీలింగమే. అక్కడి నుంచే వచ్చింది.

ఇక అసలు పని. ‘మానో’ను ఒంటరిగా రాసుకోకండి. పక్కనున్న క్రియతో కలిపి పలుకుబడి మొత్తం రాసి, ఎదురుగా మన తెలుగు మాట రాయండి. కొన్ని ఇట్టే అతుకుతాయి. ‘మానో దెరేచా’, అంటే కుడిచెయ్యి, మన కుడిభుజమే. ‘పెదిర్ లా మానో’ అంటే చెయ్యి అడగడం, పిల్లనిమ్మని అడగడం. కూరలో ఉప్పు ఎక్కువైతే ‘సె మె ఫుయె లా మానో కొన్ లా సాల్’ అంటారు. మనకు చెయ్యి జారినట్టే వాళ్లకు చెయ్యి వెళ్లిపోతుంది. వంట చేస్తూ దీన్ని పైకి అనండి, మరి మరచిపోరు.

జాగ్రత్త పడాల్సింది సాయం దగ్గర. స్పెయిన్‌లో ‘ఎచార్ ఉనా మానో’ అంటే సాయం చేయడం. మనం ‘ఓ చెయ్యి వెయ్యండి’ అంటాం కదా, సరిగ్గా అదే. లాటిన్ అమెరికాలో ‘దార్ ఉనా మానో’ అనడం ఎక్కువ. మాటకు మాట పెడితే అది చెయ్యివ్వడం! తెలుగులో చెయ్యిచ్చినవాడు మోసగాడు, అక్కడ ఆదుకున్నవాడు. పైగా ‘ఒక’ అనే అర్థమున్న ‘ఉనా’ తీసేసి ‘ఎచార్ మానో దె’ అంటే అర్థమే వేరు: దాచుకున్న డబ్బునో, పాత పరిచయాన్నో అవసరానికి వాడుకోవడం. ఆ చిన్న ‘ఉనా’ను తేలిగ్గా తీసుకుంటే నేను ఊరుకోను.

ఎడమచెయ్యి సంగతీ చెప్పాలి. మీ గురించి ఎవరైనా ‘తియెనె మానో ఇస్కియెర్దా’ అంటే నొచ్చుకోకండి. చిక్కు వ్యవహారాన్ని లౌక్యంగా నడిపే నేర్పు ఉందని మెచ్చుకోవడం అది. నాకు అన్నిటికన్నా ఇష్టమైన పలుకుబడి ఇదే.

గోడకు ఒక పూత రంగు ‘ఉనా మానో దె పింతూరా’. అరటిగెలలో హస్తమూ ‘మానో’యే.

అనుమానం వస్తే 1713లో ఏర్పడిన స్పానిష్ రాయల్ అకాడమీ నిఘంటువును ఇంటర్నెట్‌లో ఉచితంగా చూడండి. ‘ఎచార్ ఉనా మానో’ లాంటివి క్రియ కింద కాకుండా ‘మానో’ కింద వెతకండి. మెక్సికోవాళ్లు మాటల మధ్య ‘మానో’ అని పిలిస్తే మాత్రం చేతితో పనిలేదు. అన్న లేదా తమ్ముడు అనే అర్థమున్న ‘ఎర్మానో’కు అది పొట్టిరూపం. స్నేహితులతో అనండి, క్లయింటుతో వద్దు.