ఆటలో ఆవేశాన్ని అదుపు చేయడం - 3వ పాఠం: కోపం దెబ్బగా మారే క్షణం

గత పాఠంలో దూకుడుకూ దౌర్జన్యానికీ మధ్య గీత గీసుకున్నాం. నియమాలకు లోబడి బంతి కోసం శక్తినంతా ఒడ్డడం దూకుడు. ఎదుటి ఆటగాడికి హాని కలగాలని తెలిసి తెలిసి చేసేది దౌర్జన్యం. ఆ రెండవది ఎక్కడ పుడుతుందో తెలిస్తే తప్ప దాన్ని ఆపే సాధన మొదలుపెట్టలేము.

దౌర్జన్యం మనిషికి పుట్టుకతో వచ్చిన సహజాతమనీ, ఆట దానికి హాని లేని దారి చూపుతుందనీ జంతువుల ప్రవర్తనను అధ్యయనం చేసిన శాస్త్రవేత్త కాన్రాడ్ లోరెంజ్ వాదించారు. కోపాన్ని కక్కేస్తే తగ్గుతుందనే నమ్మకం ఆటగాళ్లలో నేటికీ బలంగా ఉంది. అయితే 2002లో మనస్తత్వవేత్త బ్రాడ్ బుష్మన్ ప్రచురించిన ప్రయోగంలో, తమకు కోపం తెప్పించిన వ్యక్తినే తలచుకుంటూ పంచింగ్ బ్యాగును గుద్దినవారు, ఏమీ చేయకుండా కూర్చున్నవారికన్నా ఎక్కువ కోపంతో, ఎక్కువ దౌర్జన్యంతో ప్రవర్తించారు. కాబట్టి విరామంలో గోడను తన్నే అలవాటు మీకుంటే, దాన్ని ఈ రోజే మానుకోండి.

1939లో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన జాన్ డోలార్డ్ బృందం ఆశాభంగమే దౌర్జన్యానికి మూలమని ప్రతిపాదించింది. ఓడిన ప్రతివాడూ కొట్టడు కదా! అందుకే మనస్తత్వవేత్త లియొనార్డ్ బెర్కోవిట్జ్ ఆ వాదాన్ని సవరించి, ఆశాభంగం కోపాన్ని మాత్రమే సిద్ధం చేస్తుందనీ, దాన్ని చేతల్లోకి దింపడంలో పరిసరాల్లోని ప్రేరణలకు పెద్ద పాత్ర ఉంటుందనీ చెప్పారు. నా దృష్టిలో ఆటగాడికి అన్నింటికన్నా పనికొచ్చే వివరణ ఇదే. 2006 జులై 9న బెర్లిన్‌లో జరిగిన ఫుట్‌బాల్ ప్రపంచ కప్ ఫైనల్ అదనపు సమయంలో ఫ్రాన్స్ ఆటగాడు జినెదిన్ జిదాన్ తలతో కొట్టిన బంతిని గోల్‌కీపర్ బుఫాన్ ఆపేశాడు. కొద్ది నిమిషాలకే ఇటలీ ఆటగాడు మాతెరాజీ అన్న మాటలకు జిదాన్ అతని ఛాతీని తలతో గుద్ది, 110వ నిమిషంలో ఎర్ర కార్డుతో మైదానం వీడాడు. ఆయన మనసులో ఏముందో మనం నిర్ణయించలేము గానీ, ఆశాభంగమూ దాని వెంటనే కవ్వింపూ వచ్చిన ఆ వరుసను గుర్తుపెట్టుకోండి.

పెద్దలు బొమ్మను కొట్టడం చూసిన పిల్లలు తామూ అలాగే కొట్టారని 1961లో మనస్తత్వవేత్త ఆల్బర్ట్ బందూరా చూపారు. మోటు ఫౌల్‌కు చప్పట్లు కొట్టే కోచ్ కూడా పాఠమే చెబుతున్నాడు, తనకు తెలియకుండానే.

శిక్షల విషయంలో ఒక మాట. రగ్బీలో పసుపు కార్డు పడితే 10 నిమిషాలు బయట కూర్చోవాలి. లాభం లెక్కచూసుకుని ఫౌల్ చేసేవాణ్ణి ఇటువంటి శిక్ష ఆపగలదు. కోపంతో ఊగిపోతున్నవాడు లెక్కలు వేయడు గనుక అతనికి ముందే అలవాటైన మరో ప్రతిచర్య కావాలి.

ఆ ప్రతిచర్యను ఇలా తయారుచేసుకోండి. కవ్వింపు ఎదురైన వెంటనే వెనక్కి తిరిగి, పీల్చిన దానికన్నా నెమ్మదిగా శ్వాస వదిలి, "తర్వాతి బంతి" వంటి చిన్న మాటను మనసులో అనుకుని, మీ స్థానానికి నడవండి. ప్రశాంతంగా ఉన్నప్పుడు మాత్రమే సాధన చేస్తే ఇది మైదానంలో గుర్తురాదు. అందుచేత సాధన మ్యాచ్‌లో కావాలనే కొన్ని తప్పుడు నిర్ణయాలు ఇవ్వమని, అవి ఎప్పుడు వస్తాయో మీకు చెప్పవద్దని కోచ్‌ను కోరండి.

వచ్చే పాఠానికి ముందు ఆడే ప్రతి మ్యాచ్ తర్వాత, కోపం వచ్చిన ఒక్కో సందర్భానికీ ముందు ఏం జరిగిందో, శరీరంలో మొదట ఏ మార్పు తెలిసిందో రాసిపెట్టండి. 4వ పాఠం ఆ కాగితంతోనే మొదలవుతుంది.