కాల్చిన ముక్క పక్కన ఏ గ్లాసు పెట్టాలి?

సిరొంచలో సాయంత్రం ఐదున్నరకల్లా మా మరిది బొగ్గులు రాజేస్తాడు. జాలీ మీద కోడి, సీకుల మీద మటన్, ఆదివారమైతే మూత బిగించిన డ్రమ్ములో నాలుగు గంటలు పొగపట్టిన మేక తొడ. పక్కనే నా బండి. నా దగ్గర తాగేవే ఉంటాయి. 2022 ఏప్రిల్‌లో ప్రాణహిత పుష్కరాలకు వచ్చే జనానికి నిమ్మరసం అమ్ముదామని పన్నెండు రోజుల కోసం పెట్టిన బండి ఇది. పుష్కరాలు అయిపోయాయి, బండి మాత్రం కదల్లేదు. మరుసటి ఏడు మాంసం బండి వచ్చి పక్కన చేరింది.

మాది మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లా. 1993 నుంచి ఇక్కడ మద్యం బంద్. గోదావరి వంతెన దాటి కాళేశ్వరం వైపు వెళ్తే అన్నీ దొరుకుతాయి. అందుకే అటునుంచి వచ్చినవాళ్ళు ముక్క చేతికి రాగానే నా వైపు తిరిగి, గొంతు తగ్గించి, "అక్కా, దీంట్లోకి ఏం లేదా?" అంటారు. ఎందుకు లేదు, ఆరు రకాలున్నాయి అంటాను. మొహం ముడుచుకుంటారు. రెండో గ్లాసు మాత్రం వాళ్ళే అడుగుతారు.

మందు లేని ఊళ్ళో మాంసం పక్కన గ్లాసు అమ్మాలంటే రుచి ఒక్కటే దిక్కు. తప్పుడు గ్లాసు ఇస్తే కప్పిపుచ్చడానికి కిక్కు కూడా ఉండదు. అలా తప్పులు చేసి చేసి నేర్చుకున్నదే ఇది.

"చికెన్‌కి ఏది, మటన్‌కి ఏది?" అని అందరూ అడుగుతారు. ఆ లెక్క నాకు కుదరలేదు. అదే కోడిని మా మరిది ఒకరోజు పెరుగు, మిరియాలు పట్టించి కాలుస్తాడు, ఇంకోరోజు ఎర్రకారం దట్టిస్తాడు. రెండింటికీ ఒకే గ్లాసు ఎలా ఇస్తాం? ముక్క మీద దేని పెత్తనం నడుస్తోందో చూడాలి. కారమా, కొవ్వా, పొగా, తీపా? చిన్న ముక్క కొరికి, నమిలి మింగేశాక నోట్లో చివరికి ఏది మిగిలిందో గమనించండి. గ్లాసు ఎంచుకోవాల్సింది దాన్ని బట్టి.

ముందు కారం సంగతి. మా వైపు మిర్చి బాగా పండుతుంది, మా మరిది చెయ్యి కూడా ధారాళం. బండ్లు పక్కపక్కన పెట్టిన మొదటి ఎండాకాలం ఒక కాలేజీ కుర్రాడు ఎర్రకారం లెగ్ పీస్ తిని చల్లగా ఏదైనా ఇమ్మన్నాడు. గోలీ సోడా కొట్టి ఇచ్చాను. గటగటా తాగి, కళ్ళు తుడుచుకుని, ఇంకోటి అడిగాడు. మళ్ళీ ఇంకోటి. మూడు సోడాలు అమ్ముడుపోయాయని నేను సంబరపడ్డాను. ఆ పిల్లాడు మళ్ళీ మా బండి వైపు రాలేదు.

కారణం మా అమ్మాయి చెప్పింది. తను బీఎస్సీ చదువుతోంది. మిర్చిలో మంట పుట్టించే క్యాప్సైసిన్ నీళ్ళలో కరగదు, కాబట్టి నీళ్ళు ఎన్ని తాగినా కడుక్కుపోదు. పైగా సోడా గ్యాసు నోట్లో ఆమ్లంగా మారి చురుక్కుమంటుంది, అసలే మండుతున్న నాలుకను ఇంకా గిల్లుతుంది. పాలలో, పెరుగులో ఉండే కేసీన్ అనే ప్రొటీన్ మాత్రం ఆ క్యాప్సైసిన్‌ను పట్టుకుని లాక్కుపోతుంది. మనవాళ్ళు ఈ పేర్లేవీ తెలియకుండానే కారం కూర తిన్నాక చల్ల తాగుతూ వచ్చారు.

కాబట్టి కారం ముక్కకు చల్ల. మరాఠీవాళ్ళు "తాయీ, మట్ఠా" అంటారు, మనవాళ్ళు "అక్కా, సల్ల" అంటారు, కుండ ఒకటే. పావుకిలో పెరుగుకు ముప్పావు లీటరు నీళ్ళు పోసి చిలకండి. అర చెంచా వేయించిన జీలకర్ర పొడి, పావు చెంచా నల్లుప్పు, గోరంత అల్లం ముక్క దంచి, కాస్త కొత్తిమీర. నాలుగు గ్లాసులు వస్తుంది. పచ్చిమిర్చి వేయొద్దు, మంట ఆర్పడానికి ఇచ్చేదాంట్లో మళ్ళీ మంట ఎందుకు? మరీ నీళ్ళ చల్ల చేసినా పని జరగదు, అందులో కేసీన్ మిగిలితే కదా. పెరుగు కమ్మగా ఉండాలి. మే నెలలో పొద్దున తోడుకున్న పెరుగు సాయంత్రానికి పళ్ళు పులిసేంత అవుతుంది, అలాంటిది నేను బండి మీదికి తేను.

ఇక కొవ్వు. ఇది నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. సీకుల మీద మటన్ కాల్చేటప్పుడు మా మరిది ముక్కకూ ముక్కకూ మధ్య కొవ్వు గుచ్చుతాడు, ఆ రుచే వేరు. దానితోపాటు నేను ఐస్ దండిగా వేసిన చెరుకు రసం ఇచ్చేదాన్ని. ఒకరోజు అహేరి నుంచి వచ్చిన ఒక మాస్టారు సగం తిని ఆగిపోయారు. "తాయీ, కొవ్వొత్తి నమిలినట్టుంది" అన్నారు. నాకు కోపం వచ్చింది. రాత్రి బండి కట్టేశాక నేనే ఒక సీకు తిని, అదే చెరుకు రసం తాగి చూశాను. ఆయన అన్నది నిజమే. అంగిట్లో మైనం పూత.

గొర్రె, మేక కొవ్వు నలభై డిగ్రీలు దాటితే గానీ పూర్తిగా కరగదు. మన నోటి వేడి ముప్పై ఏడు. అంటే వేడి ముక్కతో కరిగి లోపలికి వచ్చిన కొవ్వు ఐస్ తగలగానే అంగిట్లోనే గడ్డకడుతుంది. కోడి కొవ్వుకు ఈ బాధ తక్కువ, అది కొద్ది వేడికే కరుగుతుంది. అందుకని కొవ్వు మటన్ పక్కన నేను ఇప్పుడు వేడివే ఇస్తాను. ఎండాకాలంలో వేడిది ఎవరు తాగుతారని మా మరిది నవ్వాడు. సూర్యుడు దిగాక వేడిదే బాగుంటుందని ఇప్పుడు ఆయనే కస్టమర్లకు చెబుతున్నాడు.

వేడివి రెండు. ఒకటి పాలు లేని నిమ్మ టీ. లీటరు నీళ్ళు మరిగాక పొయ్యి ఆపి మూడు చెంచాల టీ పొడి వేసి, మూతపెట్టి మూడు నిమిషాలు ఉంచి వడకట్టాలి. కాస్త బెల్లం, దించాక నిమ్మచెక్క. టీలో ఉండే వగరు కొవ్వు పట్టిన నోటిని తోమినట్టు శుభ్రం చేస్తుంది. పాలు పోస్తే ఆ వగరును పాలే మింగేస్తాయి. మిర్చి దగ్గర మనల్ని కాపాడిన కేసీన్ ఇక్కడ అడ్డం వస్తుంది. పొడిని గంటసేపు మరిగిస్తే చేదు దిగుతుంది, అది హోటల్ టీకి సరిపోతుందేమో గానీ మటన్‌కు కాదు.

రెండోది మిరియాల చారు. గ్లాసులో. తాలింపు నూనె తక్కువ, చింతపండు పలచగా, మిరియాలు, వెల్లుల్లి, జీలకర్ర దంచినవి. కొవ్వు మటన్ నాలుగు ముక్కలు తిని రెండు గుక్కలు చారు తాగితే ఐదో ముక్క మొదటి ముక్కలా ఉంటుంది. ఇది నా బండి మీద అన్నిటికంటే ఆలస్యంగా వచ్చి, అన్నిటికంటే ముందు అయిపోతున్న కుండ.

పొగపట్టిన మాంసం దారి వేరు. కట్టెలోని లిగ్నిన్ కాలినప్పుడు గ్వయాకోల్, సిరింగోల్ లాంటివి పుడతాయట, పొగ రుచీ వాసనా వాటివే. అవి కొవ్వులో బాగా ఇమిడిపోతాయి, అందుకే పొగ రుచి నోట్లో చాలాసేపు ఉంటుంది. దాన్ని కడిగేయాలని చూడొద్దు. నాలుగు గంటలు కష్టపడింది ఆ రుచి కోసమే కదా. దాని పక్కన కాస్త తీపి, కాస్త పులుపు నిలబెడితే చాలు. నా ఓటు మామిడికాయ పన్హాకు. పుల్లటి కాయలు రెండు ఉడికించి, గుజ్జు తీసి, దానికి సమానంగా బెల్లం కలిపి, ఏలకులు, నల్లుప్పు వేసి లీటరు నీళ్ళలో కలపండి. బెల్లం పొగతో బాగా పొసగుతుంది, చక్కెరకు ఆ గుణం లేదు. కాయను బొగ్గుల్లో కాల్చి చేసే పద్ధతి కూడా ఉంది. చాలా బాగుంటుంది, కానీ అది మామూలు ముక్కకు. పొగ ముక్కకు పొగ పన్హా ఇస్తే పొయ్యి ముందు కూర్చుని తాగినట్టుంటుంది. మామిడి లేని రోజుల్లో అల్లం, బెల్లం, నిమ్మ.

ఒక మాట. పొగ తెల్లగా దట్టంగా వస్తోందంటే కట్టె పచ్చిది, ముక్క చేదెక్కుతుంది. పలచగా, నీలంగా సాగే పొగ మంచిది. చేదెక్కిన ముక్కను ఏ గ్లాసూ బాగుచేయలేదు. మేం ఎండిన మామిడి కట్టె వాడతాం. టేకు మా చుట్టూ అడవినిండా ఉంది గానీ డ్రమ్ములోకి రానివ్వం.

తీపి పూత గురించి ఎక్కువ చెప్పేది లేదు. ఈమధ్య పిల్లలు అమెరికా పద్ధతి అని బెల్లమో తేనో టమాటా సాస్‌లో కలిపి కోడికి పూస్తున్నారు. అక్కడ దక్షిణ రాష్ట్రాల్లో దాంతోపాటు చల్లటి తీపి టీ తాగుతారు. తిండి తీపిగా ఉండి గ్లాసులో తీపి తక్కువైతే తాగేది ఉత్త పుల్లగా, చప్పగా అనిపిస్తుంది. కాబట్టి ఇక్కడ మాత్రం చెరుకు రసం పనికొస్తుంది, నిమ్మ, అల్లం వేసి. గోలీ సోడా కూడా, కారం లేకపోతేనే.

ఎండు తునకలు, చేపల సంగతి నాకు ఇష్టమైనది. మా పుట్టిల్లు మంథని దగ్గర పల్లె. ఉప్పు, పసుపు పట్టించి ఎండబెట్టిన మాంసం తునకల్ని మా అమ్మ నిప్పుల మీద వేసి, చిటపటమన్నాక రోకలితో ఒక్క దెబ్బ కొట్టి పెట్టేది. దాంట్లోకి పచ్చిపులుసు. అన్నంలో కలుపుకోవడానికి కాదు, గిన్నె ఎత్తి తాగడానికి. ఎండబెట్టినదాంట్లో ఉప్పే దొర. ఉప్పుకు పులుపు ఉండాలి, తీపి ఏ కొంచెమో ఉండాలి, తాగేదాంట్లో మళ్ళీ ఉప్పు వేయకూడదు. నిమ్మకాయంత చింతపండు లీటరు నీళ్ళలో పిసికి వడకట్టి, సన్నగా తరిగిన ఉల్లిపాయ, జీలకర్ర పొడి, చిటికెడు బెల్లం. ఇదే మట్టి గ్లాసులో పోసి బండి మీద పెడితే మొదట ఎవరూ ముట్టుకోలేదు. ఇప్పుడు వంతెన అవతలి నుంచి దీనికోసమే ఫోన్ చేసి, ఉంచమని చెప్పేవాళ్ళున్నారు. పొగపట్టిన చేపకు నేను కోకమ్ అనే పుల్లటి పండు షర్బత్ ఇస్తాను. కొంకణ్ నుంచి ఎండు కోకమ్ ప్యాకెట్లలో వస్తుంది. దాని పులుపు నిమ్మలా గుచ్చదు, చేప వాసనను మెల్లగా దించుతుంది.

ఐస్ విషయంలో నేను మొండిదాన్ని. ఫ్యాక్టరీ దిమ్మలు కొట్టి గ్లాసులో వేయను. నీలం రంగు కలిపిన ఐస్ అయితే అసలు తినడానికి చేసింది కాదు, అది సామాను చల్లబెట్టుకోవడానికే. గ్లాసులో ఐస్ వేసే బదులు కుండను ఐస్‌లో పెట్టండి. చల్ల పలచబడదు, మరీ గడ్డకట్టే చలి కూడా ఉండదు. నాలుక మొద్దుబారితే మసాలాకు పెట్టిన ఖర్చంతా దండగ.

వంతెన అవతలివాళ్ళ కోసం కూడా చెప్పాలి. నేను మద్యం తాగను, చిన్నప్పుడు పుట్టింట్లో తాటికల్లు రుచి చూశాను అంతే. అయినా లెక్క ఇదే. పొద్దున తీపిగా ఉన్న కల్లు మధ్యాహ్నానికి పులుస్తుంది. పొగ ముక్కకు తీపి కల్లు, ఉప్పు తునకలకు పులిసిన కల్లు. బీరులో గ్యాసు, చేదు రెండూ ఉన్నాయి కాబట్టి కారం ముక్కతో అది నా గోలీ సోడా కథే. విస్కీ లాంటి ఘాటువి మంటను ఇంకా పెంచుతాయి. తేలిక బీరు ఉప్పు, కొవ్వు ఉన్న ముక్కకు సరిపోతుంది. జర్మనీలో బాంబెర్గ్ అనే ఊళ్ళో బీచ్ అనే చెట్టు కట్టెల పొగలో ఆరబెట్టిన మాల్ట్‌తో, అంటే మొలకెత్తించిన గింజలతో, పొగ బీరు చేస్తారు. పొగ ముక్క పక్కన పొగ బీరు అంటే నాకు పొగ పన్హాయే గుర్తొస్తుంది, వాళ్ళ ఇష్టం వాళ్ళది. అర్జెంటీనావాళ్ళు కాల్చిన మాంసంతో మాల్బెక్ ఎర్ర వైన్ తాగుతారు, దాని వగరు చేసేదీ నా నిమ్మ టీ పనే. ఏది తాగినా అక్కడే తాగండి. సీసా సంచిలో పెట్టుకుని వంతెన దాటితే ఇక్కడ కేసు అవుతుంది. బండి నడిపేవాళ్ళు నా చల్ల దగ్గరే ఆగండి.

ఇంట్లో పదిమందికి కాలుస్తున్నారనుకోండి. మనిషికి పావులీటరు గ్లాసులు రెండు చొప్పున ఐదు లీటర్లు చాలు, మంచినీళ్ళు వేరే. ఆరు రకాలు పెట్టొద్దు, రెండే పెట్టండి. ఒకటి చల్ల, అది పిల్లల్నీ కారాన్నీ చూసుకుంటుంది. రెండోది మీ మాంసాన్ని బట్టి, కొవ్వు ఉంటే చారు, పొగ ఉంటే పన్హా. చారు కుండను బొగ్గుల పొయ్యి అంచున పెడితే వేరే గ్యాసు ఖర్చు కూడా లేదు. పన్హా ముందురోజు రాత్రే కలిపి పెట్టుకోవచ్చు. చల్ల మాత్రం మొదటి ముక్క జాలీ మీద వేశాక చిలకండి.

రాత్రి పదింటికి బొగ్గులు బూడిదయ్యాక మా మరిది డ్రమ్ము అడుగున మాడి అతుక్కున్న ముక్కలు గీకి పళ్ళెంలో వేస్తాడు. అమ్మడానికి పనికిరావు, అవే అసలు రుచి. చారు కుండలో ఏమైనా మిగిలితే ఇద్దరం చెరో గ్లాసు పోసుకుంటాం. ఈమధ్య మిగలడం లేదు, అందుకని ఒక చిన్న చెంబు ముందే తీసి పక్కన దాస్తున్నాను.